గొంతుకు మరమ్మతు

చెవిటివాడి ముందు శంఖం ఊదితే తప్పు చెవిటివాడిది కాదనీ, శంఖానిదేననీ మొట్టమొదట కనిపెట్టింది మా జిల్లా. ఈ మాట గర్వంగా చెప్పుకునే హక్కు నాకుంది. ఎందుకంటే ఆ శంఖాలన్నిటికీ గుండీలు విప్పి చొక్కా లోపల మైకు తగిలించినవాణ్ణి నేనే.

నేను కలెక్టరాఫీసులో అర్జీల విభాగంలో సీనియర్ అసిస్టెంటును. ప్రతి సోమవారం జనం ఊళ్ళ నుంచి బస్సులెక్కి వచ్చి తమ గోడు చెప్పుకుంటారు. కలెక్టరు గారు తల పంకిస్తూ వింటారు. ఆ వినడాన్ని మేము వీడియో తీసి రాజధానికి పంపిస్తాం. అక్కడ ఒక పెద్దాయన కారులో ఎటో వెళుతూ ఒకరోజు మా జిల్లా వీడియో చూశారట. చూసి, "ఈ మనిషి ఏం చెబుతున్నాడయ్యా? ఫ్యాను చప్పుడు తప్ప ఒక్క ముక్క అర్థం కావడం లేదు" అన్నారట.

అంతే. ఆ మాట రాజధాని నుంచి మా దాకా వచ్చేసరికి సిద్ధాంతమై కూర్చుంది. జనం సమస్యలు ఏళ్ళ తరబడి ఎందుకు తీరడం లేదు? వినబడక. వినబడితే తీర్చకుండా ఉంటామా? కాబట్టి లోపం ప్రభుత్వంలో లేదు, సౌండులో ఉంది. ఇన్నాళ్ళూ ఈ చిన్న విషయం ఎవరికీ తట్టనందుకు అందరూ ఆశ్చర్యపోయారు. "స్వచ్ఛ గళం" అనే పథకం పుట్టింది. దాన్ని నడపడానికి పరాంకుశం గారు ప్రత్యేకాధికారిగా దిగారు. అంతకుముందు ఆయన చేపల శాఖలో పనిచేశారు. ఎన్నో ఏళ్ళు నోరు లేని జీవాల మధ్య గడిపినందువల్ల ఆయనకు ధ్వని మీద అంత మమకారం పెరిగిందని మేమనుకున్నాం.

మొదటి సమావేశంలోనే ఆయన చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని మాట్లాడారు.

"అర్జీదారుడు చేత మైకు ధరించిన యెడల నాయకునివలె కనిపించును. అది ప్రమాదకరము. గోడు అన్నది హృదయాంతరాళం నుంచి తనంతట తాను ఉబికినట్లుండవలెను. అందుచేత ధ్వనిగ్రాహకమును దుస్తుల లోపల గుప్తముగా అమర్చవలెను. యంత్రము కనబడరాదు. ధ్వని వినబడవలెను."

ప్రతి గోడుకూ సౌండును బట్టి నూటికి మార్కులు వేయాలన్నారు. డెబ్బై దాటితే "స్పష్టంగా వినబడినది, ముగించడమైనది". దాటకపోతే "అస్పష్టము, వచ్చే సోమవారం రావలెను".

నాకొక తెలివితక్కువ సందేహం వచ్చింది. "ముగించడమంటే సమస్య తీర్చడమా సార్?" అన్నాను.

పరాంకుశం గారు హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి తీసి జాలిగా చూశారు. "శేషఫణీ, వినడమే తీర్చడం. మిగతాది ఆయా శాఖల అంతర్గత వ్యవహారం" అన్నారు.

ఆ సోమవారమే వచ్చాడు ఉరుకుందప్ప. ముంతలదిన్నెలో ఉల్లి రైతు. యాభై ఏళ్ళుంటాయి. ఉతికిన తెల్లచొక్కా, భుజాన పచ్చ తువ్వాల. నేను మైకు పట్టుకుని చొక్కా గుండీ మీద చెయ్యి వేస్తే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేంది సార్? గుండె పరీక్షనా?"

"కాదప్పా. నీ మాట బాగా వినబడడానికి."

"నా మాటకేం సార్, చేన్లో అడివిపందుల్ని తోలే గొంతు ఇది. గోడ అవతలికి గూడా వినపడతాది." గుండీలు విప్పుకుంటూనే చెప్పడం మొదలుపెట్టాడు. "మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపాయ సార్. మేమే కిందికి దించి, ట్రాక్టర్లో ఏసుకోని టౌన్లో రిపేరు షెడ్డుకి తోల్కొచ్చినాం. అది బాగై కూచోనుండాదంట. ఇయ్యల్లంటే మీ కాగితం గావాలంట. ఎర్రగడ్డ చేను సార్ నాది. ఇప్పుడే గడ్డ ఊరే టైము. ఇంగ నెల దినాల్లో నీళ్ళు పారకపోతే..."

మా ప్రాంతంలో అదొక ఆనవాయితీ. ట్రాన్స్‌ఫార్మరు కాలితే రోగిని ఆసుపత్రికి మోసుకెళ్ళినట్టు రైతులే దాన్ని మోసుకెళ్ళాలి. దాన్ని తిరిగి తెచ్చుకునే దారి మాత్రం మా ఆఫీసు మీదుగా వెళుతుంది.

"నాతో ఎందుకప్పా? అదంతా లోపల చెప్పుకో. ఇక్కడ చెబితే గొంతు వృథా" అన్నాను నేను, మైకు క్లిప్పు బనీనుకు బిగిస్తూ.

లోపలికి వెళ్ళిన ఉరుకుందప్ప కలెక్టరు గారిని చూడగానే అందరూ చేసే పనే చేశాడు. రెండు చేతులూ జోడించి రొమ్ముకు ఆనించాడు. ఆ రొమ్ము మీదే ఉంది మైకు. హాలంతా ధబ్‌మని మోగింది. పరాంకుశం గారు హెడ్‌ఫోన్లు విసిరేసి చెవులు మూసుకున్నారు. ఉరుకుందప్పకు ఏమైందో తెలియక, తనదేదో తప్పనుకుని, ఇంకోసారి దండం పెట్టాడు. ఇంకోసారి ధబ్. ఆ కంగారులో తువ్వాల తీసి చంకలో పెట్టుకుంటే గరగర. ముప్పై మార్కులొచ్చాయి. వచ్చే సోమవారం రావలెను.

ఆ వారం జిల్లా యంత్రాంగమంతా నమస్కారం మీద చర్చించింది. అర్జీదారుడు చేతులు జోడించరాదని పరాంకుశం గారు. అలాగైతే పదవి గౌరవం ఏం కావాలని రెవెన్యూవారు. దండం లేని అర్జీ తిరుగుబాటుతో సమానమని ఒకాయన అన్నారు. ధ్వని కోసం మర్యాదను, మర్యాద కోసం ధ్వనిని బలిపెట్టలేక చివరికి ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. వరండాలో "నమస్కార కేంద్రం" వెలిసింది. అక్కడ కుర్చీలో కలెక్టరు గారి ఫొటో పెట్టారు. అర్జీదారుడు మైకు తగిలించుకోక ముందే ఫొటోకు దండం పెట్టాలి. పెట్టాడని అటెండరు చూసి, ఎడమ మణికట్టు మీద "నమస్కరించినాడు" అని ముద్ర వేస్తాడు. లోపల కలెక్టరు గారికి ముద్ర చూపిస్తే ఆయన ప్రతినమస్కారం చేస్తారు. ఆయన చొక్కాలో మైకు లేదు గదా.

రెండో సోమవారం ఉరుకుందప్ప మణికట్టు చూపించి, బడిపిల్లాడిలా చేతులు పక్కకు ఆనించి నిలబడ్డాడు. బాగానే మొదలుపెట్టాడు. ట్రాన్స్‌ఫార్మరు దాకా ఒక్క గరగర లేదు. ఎర్రగడ్డ దగ్గరికి వచ్చేసరికి మనిషికి గొంతు పూడుకుపోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"కట్!" అన్నారు పరాంకుశం గారు. "దుఃఖము వలన కంఠమున తేమ, తేమ వలన గరగర. చూడవయ్యా, గోడు చెప్పేవాడికి ఆ గోడుతో సంబంధం లేనట్టు చెప్పాలి. టీవీలో వార్తలు చదివేవాళ్ళు ఏడుస్తున్నారా? ఎన్ని ఘోరాలు చదువుతారు!"

"వాళ్ళ చేను గాదు గద సార్" అన్నాడు ఉరుకుందప్ప.

ఆ జవాబుకు మార్కులు లేవు. వచ్చే సోమవారం రావలెను. అయితే ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వరండాలో గళ శిక్షణ పెట్టించింది. అర్జీదారులందరూ వరసగా కూర్చుని అచ్చులు దీర్ఘంగా పలకాలి. మిరియాల కషాయం ఉచితం. ఊళ్ళో తాగడానికి చుక్క నీళ్ళు లేవని చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళకు గొంతు తడుపుకోవడానికి సీసాల కొద్దీ నీళ్ళిచ్చాం. చాలామంది సీసాలు సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయారు.

మూడో సోమవారం ఉరుకుందప్ప తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె పేరు తిమ్మక్క. "నాకు ఏడుపు ఆగదు సార్, ఇది గట్టి మనిషి, ఇది చెప్తాది" అన్నాడు. ఆమె నిజంగానే గట్టి మనిషి. కొంగు కింద మైకు ఆడ అటెండరు అమర్చింది. తిమ్మక్క నోరు తెరిచి, చెయ్యి తిప్పుతూ రెండు మాటలు అన్నదో లేదో పరాంకుశం గారు మళ్ళీ హెడ్‌ఫోన్లు పీకేశారు.

"గాజులు! గాజుల మోత తప్ప ఇంకేమీ లేదు. అమ్మా, ఆ గాజులు తీసి అవతల పెట్టు."

తిమ్మక్క ఆయన వంక నిలువునా చూసింది.

"ఏమంటివి? నా మొగుడు నా పక్కన గుండ్రాయి మాదిరి నిలబడుంటే నన్ను గాజులు తీయమంటావా? నీ ఇంట్లో చెప్పుపో ఆ మాట! తీస్తాదేమో నీ పెండ్లాము, చూస్తాం!"

కలెక్టరు గారు పెన్ను కింద పడినట్టు నటించి బల్ల కింద చాలాసేపు వెతుక్కున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళందరూ ఒక్కసారి అందుకున్నారు. ఆ గందరగోళంలో రికార్డయిన శబ్దానికి సున్నా మార్కులొచ్చాయి. సాయంత్రానికల్లా సవరణ ఉత్తర్వు వెలువడింది: "మహిళా అర్జీదారుల గాజులు తీయించరాదు. వాటికి దూది చుట్టవలెను." దూది కోసం ఆసుపత్రికి మనిషిని పంపితే, వాళ్ళ దగ్గరున్న దూది కూడా ఇటే వచ్చింది. అక్కడ కట్లు కట్టించుకోవలసినవాళ్ళు ఆ సంగతి అర్జీ పెట్టుకోవచ్చు గదా, స్పష్టంగా వినేవాళ్ళం.

ఇంతవరకూ జరిగింది మామూలు విజ్ఞానం. అసలు ఆవిష్కరణ ఆ తరవాతి సోమవారం జరిగింది.

ఆ రోజు ఉరుకుందప్ప వంతు భోజనం బెల్లు తరవాతకు పడింది. మైకు ఎంత గుప్తంగా అమర్చానంటే, అది తన చొక్కాలో ఉన్న సంగతి అతనే మరిచిపోయాడు. గేటు పక్కన టీ కొట్టు దగ్గరికి వెళ్ళి గ్లాసు పట్టుకుని టీ కొట్టాయనతో మాటల్లో పడ్డాడు. ఆ మాటలు హాల్లో స్పీకర్ల నిండా వినబడ్డాయి. జిల్లా అధికారులందరూ క్యారియర్లు విప్పుకుని కూర్చున్న సమయం.

"ఏం జెప్తునప్పా ఈళ్ళ కత! ఎద్దుకు గంట గట్టినట్ల నా రొమ్ముకు ఏందో గట్టినారు. దండం బెడితే తప్పు. ఏడిస్తే తప్పు. గాజులు మోగితే తప్పు. కాలిపోయింది నా ట్రాన్స్‌ఫార్మరు, ఈళ్ళు రిపేరు జేస్తాండేది నా గొంతు! ఇంత మంది అయ్యోర్లకు రెండేసి చెవులుండాయి గదా, దేనికవి? కండ్లద్దాల కాళ్ళు తగిలించుకోనీకా?"

ఆ తరవాత అన్న నాలుగైదు మాటలు ఇక్కడ రాయలేను. అధికారులు ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయారు. నాకు ఉరుకుందప్ప పని అయిపోయిందనిపించింది. కేసు పెడతారో, బయటికి గెంటిస్తారో అని భయంభయంగా పరాంకుశం గారి వంక చూశాను. ఆయన కళ్ళు మూసుకుని, హెడ్‌ఫోన్లు రెండు చేతులా అదుముకుని, మైమరచి వింటున్నారు.

"అద్భుతం" అన్నారు. "విన్నారా? గరగర లేదు. తేమ లేదు. ప్రతి అక్షరం ముత్యం. తిట్లు కూడా ఎంత విడివిడిగా వినబడ్డాయో గమనించారా?"

కలెక్టరు గారు దగ్గారు. "ఆయన మనల్నే..."

"విషయం నా శాఖ కాదు సార్. ధ్వని నా శాఖ." పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. "దీనిని బట్టి ఒక సత్యం తేలుతున్నది. అర్జీదారుడు మన ఆఫీసులో ఉన్నప్పుడు కన్నా, లేనప్పుడు స్పష్టంగా మాట్లాడుచున్నాడు. కాబట్టి గోడును దాని సహజ వాతావరణములోనే సేకరించవలెను."

అలా మేము ముంతలదిన్నెకు బయలుదేరాం. నాలుగు జీపులు. ఊరి మొదట్లోనే పరాంకుశం గారు బండి ఆపించి, దిగి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు గాలిలోకి ఎత్తిపట్టారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"శేషఫణీ, నీకు వినబడుతోందా?"

"ఏమీ వినబడడం లేదు సార్."

"అదే! ఏమీ వినబడడం లేదు! మోటారు మోత లేదు, పిండిమర లేదు, టీవీ లేదు, గుడి మైకు లేదు. నా సర్వీసులో ఇంత శుభ్రమైన నిశ్శబ్దం నేను చూడలేదు. ఈ ఊరివాళ్ళు ఎంత సంస్కారవంతులయ్యా!"

ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే ఊరు అలాగే ఉంటుందని ఎవరో చెప్పబోయారు. రికార్డింగు వేళ మాట్లాడకూడదని ఆయన వేలు పెదవుల మీద పెట్టారు. అటెండర్లు కోళ్ళ మీద గంపలు బోర్లించారు. ఎద్దుల మెడలో గంటల్లో గడ్డి కుక్కారు. ఒక కుక్కకు బిస్కెట్లు పెడుతూ కూర్చోవడానికి ఒక డిప్యూటీ తాసిల్దారును నియమించారు. ఉరుకుందప్పను అతని ఎర్రగడ్డ చేలో నిలబెట్టి చొక్కా లోపల మైకు బిగించాను. ఆకు కొసలు పసుపు తిరుగుతున్నాయి. నేల బీటలిస్తోంది. ఆ నాలుగు వారాల శిక్షణతో అతను దండం పెట్టలేదు, ఏడవలేదు, దగ్గలేదు. గోడుతో సంబంధం లేనివాడిలా చెప్పాడు.

"నా చేను ఎండిపోతాండాది సార్. గడ్డ ఊరే టైము. రిపేరైన ట్రాన్స్‌ఫార్మరు షెడ్డులో ఉండాది. ఈ వారంలో ఇప్పిస్తే పంట బతుకుతాది."

తొంభై ఎనిమిది మార్కులు! రాష్ట్రంలోనే ఎక్కువ. రెండు మార్కులు దూరంగా అరిచిన కాకి వల్ల పోయాయి. "స్పష్టంగా వినబడినది, ముగించడమైనది" అని నేనే ముద్ర వేశాను. ఉరుకుందప్ప ముఖంలో నవ్వు చూసింది ఆ ఒక్కరోజే. "ఇంగ కరెంటు ఎప్పుడొస్తాది సార్?" అన్నాడు. మా జీపులు దుమ్ము లేపుకుంటూ వచ్చేశాయి.

నాలుగైదు రోజుల తరవాత విద్యుత్తు ఏఈ నా బల్ల దగ్గరికి వచ్చాడు. కుర్రాడు, పాపం, ఇంకా ఉద్యోగంలో నలగలేదు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు నాతో చెప్పుకున్నాడు. "సార్, ట్రాన్స్‌ఫార్మరు షెడ్డులో బాగై పడుంది. అర్జీ నా దగ్గరికి పంపండి, గంటలో ఇచ్చేస్తా."

"అర్జీ ముగిసిపోయింది బాబూ."

"తీరకుండా ఎట్లా ముగిసింది సార్?"

"చాలా స్పష్టంగా ముగిసింది."

అతను ఏమైతే అదయిందని, ట్రాన్స్‌ఫార్మరు ట్రాక్టరులోకి ఎక్కించుకుని తనే ముంతలదిన్నెకు బయలుదేరాడు. ఇలాంటివాళ్ళు ఉద్యోగంలో పైకి రారు.

అయితే ఈలోగా పథకం ముందుకు సాగిపోయింది. అంత నిశ్శబ్దం వృథా కాకూడదని ముంతలదిన్నెను "ధ్వని పరిరక్షిత గ్రామం"గా ప్రకటించారు. జిల్లాలో ఏ మూల ఎవరికి గోడు ఉన్నా, బస్సు పెట్టి అక్కడికే తోలి, ఉరుకుందప్ప చేలోనే నిలబెట్టి రికార్డు చేయసాగారు. ఊరి మొదట్లో బోర్డు పెట్టారు: "నిశ్శబ్దము జాతి సంపద. మోటార్లు ఆడించరాదు." మోటార్లు ఆడించడానికి కరెంటు లేదు గనక ఊరివాళ్ళు ఆ ఉత్తర్వును తు.చ. తప్పకుండా పాటించారు.

ఆ రోజు ఒక ముసలామె తన పింఛను గురించి ఏడవకుండా చెప్పడం అప్పుడే కుదుర్చుకుంది. సరిగ్గా అప్పుడు ఏఈ ట్రాక్టరు ఢగఢగమంటూ ఊళ్ళోకి వచ్చింది. పరాంకుశం గారు చేలోంచి గట్టు మీదికి, గట్టు మీంచి బాట మీదికి పరుగెత్తారు.

"ఆపండి! ఎవరు మీరు? ఏమిటది?"

"ట్రాన్స్‌ఫార్మరు సార్. ఈ ఊరిదే."

"ఇది పెడితే ఏమవుతుంది?"

"కరెంటు వస్తుంది సార్. మోటార్లు ఆడతాయి."

"ఆడితే?"

"నీళ్ళు వస్తాయి."

"నీళ్ళతో పాటు మోత కూడా వస్తుంది! నీకు బుద్ధుందా? మొత్తం జిల్లా గోడును నాశనం చేద్దామనుకున్నావా?"

చేలో ముసలామె పక్కన నిలబడి ఉన్న ఉరుకుందప్ప ట్రాక్టరులో ఉన్నదాన్ని చూశాడు. పరుగెత్తుకుంటూ వచ్చి ట్రాలీ అంచు పట్టుకున్నాడు.

"సార్, ఇది మా ఊరిదే సార్! ఆ పక్క గీత గూడా మేం దించేటప్పుడు పడిందే. మీరే గద నూటికి తొంభై ఎనిమిది ఇస్తిరి! ఇంగా నేను ఎట్ల చెప్పాల? ఇంగా ఏం నేర్చుకోవాల?"

"నీకు అన్ని మార్కులు ఎందుకు వచ్చాయనుకున్నావు?" పరాంకుశం గారి గొంతులో నిజమైన ఆప్యాయత ఉంది. "నీ ఊళ్ళో కరెంటు లేదు గనక. అది వచ్చిందా, నీ మాట మళ్ళీ ఎవరికీ వినబడదు. అర్థం చేసుకో. నీ మంచికే చెబుతున్నా."

ట్రాక్టరును వెనక్కి తిప్పించారు. ఏఈకి మెమో ఇచ్చారు. ఈ అన్యాయం మీద ఉరుకుందప్ప అర్జీ పెట్టుకోవచ్చునని నిబంధన ఉంది. ఆ అర్జీని కూడా ధ్వని పరిరక్షిత గ్రామంలోనే, కరెంటు లేకుండానే రికార్డు చేయవలసి ఉంటుంది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు గానీ, ఆ పిల్లికి కనీసం తాను ఆడుకుంటున్నానని తెలుసు.

కొన్నాళ్ళకు రాజధాని నుంచి ఆ పెద్దాయనే స్వయంగా వచ్చారు. "స్వచ్ఛ గళ పురస్కార" ప్రదానం. మున్సిపల్ హాలు, పూలదండలు, బయట పెద్ద జనరేటరు. మొదటి బహుమతి ముంతలదిన్నె ఉరుకుందప్పకే. శాలువా కప్పడానికి ముందు అతను తన గోడును అందరి ఎదుట ఇంకొకసారి వినిపించాలని కార్యక్రమంలో పెట్టారు. తెర పక్కన అతనికి మైకు తగిలిస్తున్నప్పుడు పరాంకుశం గారు వచ్చి చెప్పారు.

"ఆ రోజు చేలో ఏం చెప్పావో అదే చెప్పాలి. ఒక్క అక్షరం మారకూడదు. 'నా చేను ఎండిపోతాండాది, ఈ వారంలో ఇప్పిస్తే పంట బతుకుతాది.' ఊఁ, వెళ్ళు."

ఉరుకుందప్ప వేదిక మధ్యకు వెళ్ళి చేతులు పక్కకు ఆనించి నిలబడ్డాడు. అతను నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. అలా నిలబడే ఉన్నాడు. దగ్గలేదు, కదల్లేదు, గుటక కూడా మింగినట్టు లేదు. చెప్పవయ్యా బాబూ, ఏదో ఒకటి చెప్పు అని లోపల లోపల బతిమాలుకున్నాను. ఎంతసేపైనా స్పీకర్లలోంచి ఏమీ రాలేదు.

పెద్దాయన తన హెడ్‌ఫోన్లు సర్దుకుని, "మైకు పనిచేస్తోందా?" అన్నారు.

"పనిచేస్తోంది సార్. వినండి." పరాంకుశం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గరగర లేదు. తేమ లేదు. గాజులు లేవు. కాకి కూడా లేదు. సార్, ఇది నూటికి నూరు!"

పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నారు. నెమ్మదిగా ఆయన తల ఊగింది. "నిజమే. ఇన్నేళ్ళలో ఏ జిల్లా నుంచీ ఇంత హాయిగా ఉండే అర్జీ నేను వినలేదు" అన్నారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ రికార్డింగునే ఆదర్శ అర్జీగా అన్ని జిల్లాలకూ పంపించాలనీ, ఇకనుంచి అర్జీదారులందరూ అదే ప్రమాణాన్ని అందుకోవాలనీ వేదిక మీదే ప్రకటించారు. కలెక్టరు గారు శాలువా కప్పారు. ఉరుకుందప్ప దాన్ని అలాగే కప్పించుకుని తెర వెనక్కి వచ్చాడు.

నేను మైకు తీయడానికి గుండీలు విప్పాను. క్లిప్పు ఊడదీసి, స్విచ్చి ఆపి చేతిలో పట్టుకున్నాను.

"ఏమప్పా, అంత మంది ముందర ఒక్క మాటైనా అనకపోతివే?"

"ఏం జెప్పాల సార్? ఎండిపోతాండాది అని చెప్పమన్యాడు ఆ సారు. ఎండిపాయ గదా. పోయిన వారమే మేకలు తోలేసినా చేన్లోకి. గోలీకాయంత గడ్డ గూడా లేదు. ఇప్పిస్తే బతుకుతాది అని అబద్ధం ఎట్ల చెప్పేది?"

బయట జనరేటరు మోత. హాల్లో ఇంకా చప్పట్లు. పక్కన ఎవరో కుర్చీలు ఈడుస్తున్నారు. ఇన్ని చప్పుళ్ళ మధ్య, మైకు లేకుండా, మామూలు గొంతుతో అతను చెప్పిన మాటల్లో ఒక్క అక్షరం కూడా పోలేదు. నాకు సిగ్గేసింది. ఏదో ఒకటి అనాలి గనక అన్నాను.

"ఈ ముక్క మాకు ముందే వినబడి ఉంటే బాగుండేదప్పా."

ఉరుకుందప్ప గుండీలు పెట్టుకుంటూ తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు.

"మొదటి సోమవారమే చెప్తి గద సార్ నీకు. ఇట్లనే ఎదురుగ నిలబడి. నీకు వినపడె గదా."

శాలువా మడిచి నా మైకుల బల్ల మీద పెట్టాడు. పచ్చ తువ్వాల భుజాన వేసుకుని, రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. రొమ్ము మీద మైకు లేదు గనక చప్పుడు కాలేదు.